ఎండు రొయ్య రంగు పట్టీ

ఈ ఉదయం నా ఎయిర్‌బ్రష్ మళ్ళీ మొరాయించింది. రైలింజను బొమ్మకి నీలం వేస్తుంటే, సన్నటి మంచులా పడాల్సిన రంగు చుక్కలు చుక్కలుగా తుమ్మింది. పైనున్న బుల్లి కప్పులో కుతకుతా బుడగలు లేచాయి. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను, ఇది పెన్నంత పరికరం. వెనక నుంచి కంప్రెసర్ గాలి వస్తుంది, లోపల పొడవాటి సూది ఉంటుంది. మీట నొక్కి వెనక్కి లాగితే సూది జరిగి, మూతిలోంచి గాలితోపాటు రంగు వస్తుంది. వ్యవహారమంతా సూదిమొనంత సందులో కాబట్టి, కంటికి ఆనని నలుసు చాలు దాని కొంప ముంచడానికి. కాఫీ తాగుతున్న మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే, దాన్ని పారేసి ఇంకోటి తెచ్చుకోమన్నారు. ఈ సలహా ఇవ్వడం ఆయనకి అలవాటు, వినకపోవడం నాకలవాటు. సూదిని వెనక నుంచి లాగి వెలుతురుకి ఎత్తి చూశాను. మొన దగ్గర ఎండిన నీలం తప్ప ఏమీ లేదు. అయినా, తెల్లగా ఏమన్నా పేరుకుందా అని నా కళ్లు వాటంతటవే వెతికాయి. అలా వెతికినప్పుడల్లా నాకు మా మేనత్త గుర్తొస్తుంది.

మాది ఒడిశాలోని గంజాం తీరంలో చేపల వేటకెళ్లే కుటుంబం. మా మేనత్త, అంటే నాన్న చెల్లెలు, పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. అప్పటి నుంచి నాన్న పడవ తెచ్చిన చేపల్ని గంపకెత్తుకుని బరంపురం బజారులో అమ్మేది. బేరం ఒడియాలో, తిట్లు తెలుగులో. నేను డ్రాయింగ్ టీచరుగా రిటైరై ఆ బరంపురంలోనే గోసాని నువాగాంలో ఉంటున్న రోజుల్లో, ఒక చలికాలం, కళ్లు చూపించుకోవడానికి మా ఇంటికొచ్చింది. చూపు తగ్గుతూనే ఉంటుందని, పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. అత్త పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర మాత్రం, మన పడవని ఇంకొక్కసారి చూసుంటే బాగుండేది అంది.

ఆ పడవ ఎక్కడిది? మేకుల్లేకుండా కొబ్బరితాళ్లతో కుట్టిన పడవ అది. నా చిన్నప్పుడే తుఫాను దాన్ని చెక్కలు చేసేసింది. ఒక్క ఫోటో కూడా లేదు. సరే, చేతిలో పనితనం ఉంది, ఒంట్లో మొండితనం ఉంది, మూరెడు పొడవున దాని నమూనా చెయ్యడం మొదలుపెట్టాను. ఊళ్లోనే ఉండిపోయిన మా తమ్ముడికి సంగతి తెలిసి ముచ్చటపడ్డాడు. పూర్తయ్యాక తీసుకెళ్లి గంగమ్మ గుళ్లో పెడతానన్నాడు. మా వాళ్లలో ప్రతి ఇంటి పడవకీ పక్కన తనదైన రంగు పట్టీ ఉండేది. దూరాన అల మీద ఆ రంగు కనపడగానే ఒడ్డున ఉన్న ఆడవాళ్లు తమ పడవని గుర్తుపట్టి గంపలు ఎత్తుకునేవారు. మాది ఎండు రొయ్య రంగు. దాన్ని కలిపేది అత్త. వేసేది నాన్న. ఆడవాళ్లు పడవ ఎక్కకూడదు, దాని తాడు దాటకూడదు, దానికి రంగు అసలు వెయ్యకూడదు. ఆ ఆచారాన్నే తమ్ముడు ఫోన్లో గుర్తు చేశాడు.

“అప్పా, పట్టీ మాత్రం నువ్వెయ్యకు, నానొచ్చి ఏత్తాను. ఆడోళ్ల సెయ్యి పడితే గుళ్లో పెట్టనివ్వరు.”

జీవితమంతా పిల్లల చేత రంగులు వేయించినదాన్ని, నాకా చెప్పేది! ఫోన్ పెట్టేసి అప్పటికప్పుడు కంప్రెసర్ బయటికి తీశాను. అంత చిన్న పడవ మీద కుంచె గీతలు తాళ్లంత లావున కనిపిస్తాయి, అందుకని ఎయిర్‌బ్రష్‌తోనే వెయ్యాలి. ముందు రంగు కుదరాలి. అత్త కిటికీ దగ్గర కూర్చుని, నేను కలిపిన ప్రతి రంగునీ ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టుకుని చూసి, ఇది పచ్చి రొయ్య, ఇంకా ఎండాలి అనేది. ఇంకొంచెం ఎర్రమట్టి రంగు కలిపితే, ఇప్పుడు మాడిపోయింది అనేది. చివరికో మధ్యాహ్నం తల ఊపింది. కళ్లు తుడుచుకుంది కూడా, కానీ అది మందు చుక్కల వల్ల అంది.

తీరా వెయ్యబోతే ఎయిర్‌బ్రష్ తిరగబడింది. అట్టముక్క మీద చూస్తే రంగు పరుచుకోదు, మధ్యలో చేప కళ్లలా గుండ్రటి ఖాళీలు. రంగు చిక్కనేమో అని పలచన చేశాను. పాత చీర ముక్కలో వడకట్టాను. మూతి విప్పి నానబెట్టి, సన్నటి బ్రష్షుతో తోమాను. మూతి దగ్గర గుడ్డ అడ్డం పెట్టి గాలి వెనక్కి కొట్టించాను. సాయంత్రానికి తళతళలాడుతూ బాగుపడేది, తెల్లారేసరికి మళ్ళీ అదే జబ్బు. మా ఆయన పారెయ్యమన్నారు. తమ్ముడు ఫోన్ చేసి, అమ్మవారికి ఇష్టం లేదేమో చూసుకో అన్నాడు. ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకపక్క అత్త చూపు రోజురోజుకీ మసకబారుతోంది. ఆ కళ్లు ఆ పట్టీని చూడకుండానే ఆరిపోతాయేమోనన్న భయం నన్ను అన్నం దగ్గర కూడా వదిలేది కాదు.

తమ్ముడు పడవ తీసుకెళ్లడానికి వచ్చిన రోజు బాగా చలిగా ఉంది. వాడి ఎదురుగానే సూది బయటికి లాగాను. మొన పొడుగునా తెల్లగా, మైనంలా ఏదో. వేళ్ల మధ్య నలిపితే కరిగింది. వాసన చూస్తే కొబ్బరినూనె. చలికి గడ్డకట్టింది. నీళ్లతో కలిపే రంగుకి నూనె తగిలితే ఇంకెక్కడ పరుచుకుంటుంది! ఇంట్లో కొబ్బరినూనె సీసా ఉండేది అత్త మంచం కిందే. అడిగితే ఏమాత్రం తడబడకుండా చెప్పింది.

“బ్రస్సుకి నూనె పెట్టకపోతే బిగుసుకుపోతాది గుంటా. మీ నాన్న బ్రస్సులన్నీ నానే గదా సూసేదాన్ని.”

అరవై దాటినా ఆవిడకి నేను గుంటనే, చిన్నపిల్లనే. నువ్వు పడుకున్నాక రోజూ పెడుతున్నానని కూడా చెప్పింది. నాకు నవ్వొచ్చింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు. నాన్న కుంచెలు కడిగింది, నూనె పెట్టింది, రంగు కలిపింది, ఒక్కసారి కూడా గీత గీయలేదు. సూదినీ మూతినీ సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించి, కప్పులో రంగు పోశాను. అట్ట మీద మంచులా పరుచుకుంది. ఎయిర్‌బ్రష్ తీసుకెళ్లి అత్త చేతిలో పెట్టాను.

తమ్ముడు కుర్చీలోంచి లేచాడు. ఆచారం సంగతి మళ్ళీ ఎత్తాడు. అత్త వాడి గొంతు వచ్చిన వైపు తిరిగింది.

“ఆ పడవ తెచ్చిన సేపలు అమ్మింది ఈ సేత్తోనే. ఆ డబ్బుల్తో నువ్వు అన్నం తిన్నప్పుడు ఆచారం అడ్డు రానేదేటి?”

వాడు వచ్చి పడవ కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. అత్త మీట మీద వేలు పెట్టింది, నేను ఆ వేలి మీద నా వేలు ఆనించి ఎంత లాగాలో చూపించి తీసేశాను. పట్టీ మొదట్లో తిన్నగానే సాగింది. పడవ ముక్కు దగ్గరికి వచ్చేసరికి చూపు ఆనక వంకర తిరిగి కొంచెం పైకి పోయింది. అత్త పడవని కళ్లకి దగ్గరగా తెచ్చుకుని చాలాసేపు చూసింది. ఎవరేసేరని అడిగితే నా పేరే సెప్పు అని తమ్ముడితో ఖచ్చితంగా చెప్పింది. గుళ్లో పెట్టినప్పుడు వాడు అలాగే చెప్పాడు. ఊళ్లో కొందరు గొణిగారు. వాడు పడవని గుళ్లోంచి కదిలించలేదు.

ఇప్పుడు అత్తకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియవు. పండక్కి ఊళ్లో గుడికి తీసుకెళ్తే పడవని వేళ్లతో తడిమి, వంకర దగ్గర ఆగుతుంది. దాన్ని సరిచేస్తానని నేను ఎన్నడూ అనలేదు, అననివ్వను కూడా. ఆ రొయ్య రంగు కూడా అప్పుడే కొద్దిగా వెలిసింది. కాలానికి తెలిసిన పని అదే, వెలిసిపోనీ. ఆ వంకర మాత్రం మా అత్త గీసినచోటే ఉంటుంది.