ఇంట్లో అడిగి చెప్తా

మా ఆవిడది ఆసుపత్రిలో ప్రశ్నలు అడిగే ఉద్యోగం. మందూ ఇవ్వదు, సూదీ వెయ్యదు. నొప్పితో వచ్చినవాళ్ళ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, "ఈ నొప్పితో పదేళ్ళు బతకొచ్చు. నొప్పి అసలు లేకపోతే ఎన్నేళ్ళు బతికినా చాలంటారు?" అని అడుగుతుంది. వాళ్ళు చెప్పిన అంకెను బట్టి, ఏ వైద్యం ఖర్చుకు తగ్గ మేలు చేస్తుందో పైవాళ్ళు లెక్క కడతారట. నన్నెవరైనా పొద్దున్నే అలా అడిగితే లేచి వెళ్ళిపోతాను. ఈవిడ నవ్వు మొహం చూసి కాబోలు, అందరూ కూర్చునే ఉంటారు.

నలభై దాటాక ఆవిడకు పీహెచ్‌డీ సీటు వచ్చింది. గణాంకాలూ ఆరోగ్య అర్థశాస్త్రమూ కలిపిన పరిశోధన. వేరే ఊళ్ళో నాలుగేళ్ళు. ఫీజు యూనివర్సిటీవాళ్ళే భరిస్తారు, పైగా నెలనెలా జీతంలాంటిది ఇస్తారట. చదువుకున్నందుకు ఎదురు డబ్బులివ్వడమేమిటో నా బుర్రకెక్కలేదు. ఆవిడ తికమక వేరు. ఏ ప్రశ్న మీద పరిశోధన చేస్తుందో ఆ సాయంత్రంలోగా రాసి పంపాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ప్రశ్నలు అడగడమే పనిగా బతికిన మనిషికి ఒక్క ప్రశ్న తట్టడం లేదు.

నేను కుట్టుమిషను ముందున్నాను. వంగి కుట్టీ కుట్టీ నా నడుం ఎప్పుడో పోయింది. పొద్దున్నే ఆవిడ చెయ్యి అందిస్తే గానీ మంచం దిగను. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు. వెళ్ళమనాలనీ ఉంది, వద్దనాలనీ ఉంది. ఆ అయోమయంలో ఒక చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కుట్టేశాను.

అది చూసి ఆవిడ స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"ఈ నడుం నొప్పితో పదేళ్ళు. నొప్పి లేకపోతే ఎన్నేళ్ళు చాలు?"

"సొంతవాళ్ళని అడక్కూడదని నువ్వే అన్నావుగా!"

"చెప్పండి."

ఎనిమిది అనబోయాను. వదులుకునే ఆ రెండేళ్ళలో ఈ గదిలో ఆవిడ ఒక్కతే తిరుగుతున్నట్టు అనిపించి భయమేసింది.

"ఇంట్లో అడిగి చెప్తా," అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"చాలామంది ఇదే అంటారండీ. జవాబు చెప్పలేదని వాళ్ళందర్నీ పక్కన పెట్టేశాను. కానీ చెప్పారు కదా! ఆ ఏళ్ళు వాళ్ళొక్కళ్ళవే కాదని చెప్పారు."

గబగబా వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. ఒకరి నొప్పిని కొలిచే లెక్కలో ఇంట్లోవాళ్ళకు చోటెక్కడ అన్నదే తన ప్రశ్న అని రాసింది. పంపబోతూ ఆగి నావైపు తిరిగింది.

"పొద్దున మిమ్మల్ని ఎవరు లేపుతారు?"

చొక్కా మిషను మీద పెట్టేశాను.

"మంచం పక్కన గోడకి కడ్డీ బిగిస్తాలే. నువ్వు పంపెయ్."

పంపేసింది. వచ్చి నా పక్కన కూర్చుని, చొక్కా ఒళ్ళో వేసుకుని తప్పు చేతి కుట్లు విప్పసాగింది. సంతోషమో దిగులో తనకే తెలియనట్టుంది, నాకూ తెలియలేదు.

"కడ్డీ ఎప్పుడు బిగిస్తారు?" అంది.

"నువ్వు వెళ్ళిన రోజు," అన్నాను.