తిరిగొచ్చే కాళ్ళు

తెర వెనక ఆకురాయి కర్రను కొరుకుతున్న చప్పుడు. కరకర, ఆగి, మళ్ళీ కరకర. ఎవరిమీదో కసి తీర్చుకుంటున్నట్టు. ఆ తర్వాతే చేతులనిండా పొట్టుతో మనిషి బయటికొచ్చింది. ఆస్పత్రి వెనక గదిలో కృత్రిమ కాళ్ళు చేసే ఆమెను అందరూ కాళ్ళక్క అంటారు. "ఊరందరి కాళ్ళూ పట్టుకునేది నేనొక్కదాన్నే," అని తనే నవ్వేది, ఒకప్పుడు.

అప్పట్లో పాదాలు పరదేశం నుంచి డబ్బాల్లో వచ్చేవి. నల్లగా, తేలిగ్గా, అడుగు వేస్తే విల్లులా వంగి మనిషిని ముందుకు నెట్టేవి. తర్వాత పెద్ద దేశాలు ఇక్కడి ఏలికల మెడలు వంచాలని ఆంక్షలు పెట్టాయి. వైద్యానికి మినహాయింపు ఉందని రేడియో చెప్పింది. ఉంది, నిజమే. కానీ డబ్బు పంపాల్సిన బ్యాంకు జరిమానాకు భయపడింది. బ్యాంకును చూసి ఓడవాడు భయపడ్డాడు. పైగా ఆ పాదంలోని కార్బన్ నారను క్షిపణుల్లోనూ వాడతారట. డబ్బాలు రావడం ఆగిపోయింది. ఏలికల మెడలు నిటారుగానే ఉన్నాయి. ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడల కాళ్ళు విరిగాయి.

కాళ్ళక్క తమ్ముడు కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. అతని కుడిపాదం, డబ్బాలో వచ్చినదే, చీలిపోయింది. గట్టి పాదం లేకపోతే ఉద్యోగం లేదని పైవాళ్ళు తేల్చేశారు. ఆమె చేసే కర్ర పాదాలు నేలమీద నడుస్తాయి, నిచ్చెన మీద జారతాయి.

ఆంక్షలొచ్చాక ఆ గదిలో ఒక ఆనవాయితీ పుట్టింది. కాలు పెట్టుకున్న మనిషి పోతే, ఇంటివాళ్ళు ఆ కాలు తిరిగి తెచ్చివ్వాలి. తమ్ముడి కొలతకు సరిపడే నల్లపాదం ఊళ్ళో ఒక్కటే ఉంది. అది పట్టీలు బిగించుకోవడానికి వచ్చే ముసలి లారీ డ్రైవరుది.

"బాబాయ్, దగ్గెలా ఉంది?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు కోరుకున్నంతగా లేదులేరా. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు."

"నోరు ముయ్యండి ఇద్దరూ." కాళ్ళక్క ఆకురాయి విసిరికొట్టింది. "ఎవరో ఎక్కడో బల్లచుట్టూ కూర్చుని సంతకాలు పెడితే, మనం ఒకరి చావుకోసం ఒకరు కాచుక్కూర్చోవాలా?"

"కోపమెందుకమ్మా," అన్నాడు ముసలాయన. "వాడు నా కాలితో స్తంభమెక్కితే పైనుంచి ఊరంతా నేనూ చూడొచ్చుగా."

ఆయన చలికాలం దాటలేదు. భార్య ఆ కాలును తువ్వాల్లో చుట్టి తెచ్చింది. "మేజోడు తియ్యలేదమ్మా. ఆయన చలికి తట్టుకోలేడు," అంది.

కాళ్ళక్క మేజోడు విప్పి, మడిచి, ఆవిడ చేతిలో పెట్టింది. పాదం తమ్ముడి కాలికి బిగించింది. అతను స్తంభమెక్కాడు. ఉద్యోగం నిలిచింది.

ఇదంతా రాసుకోవడానికి వచ్చిన మనిషిని గుమ్మందాకా సాగనంపుతూ ఆమె అన్న చివరిమాటలు:

"బాబాయి పోయాడని ఫోనొస్తే నాకు ఏడుపు రాలేదు. పాదం కొలత గుర్తొచ్చింది. వాళ్ళు ఎవరి మెడలు వంచారో నాకు తెలీదు, నన్ను మాత్రం ఇలా చేశారు. అది రాయండి. మెత్తగా రాయకండి."