పొయ్యి నాబుకో పిడి

చిన్నబాబుది కోటవురట్ల దగ్గర పల్లె. చెరకు పండించే ఇంట్లో పుట్టాడు. డిగ్రీ అయ్యాక పొలం పనులు అన్నకు వదిలేసి అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో చేరాడు. ప్యాకింగ్ సెక్షన్లో పని. కంపెనీ బస్సుకు వీలుగా ఉంటుందని అనకాపల్లి గవరపాలెంలో మేడ మీద వాటా అద్దెకు తీసుకుని భార్య సుప్రియతో కాపురం పెట్టాడు. సుప్రియ అతని మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ అలవాటైన బావా అన్న పిలుపు పెళ్లయ్యాకా మారలేదు.

ముప్పై ఏళ్లు నిండీ నిండకుండానే సుప్రియకు కీళ్లవాతం పట్టుకుంది. మొదట్లో పొద్దున్న లేచేసరికి వేళ్లు బిగుసుకుని ఉండేవి, ఎండెక్కేసరికి సర్దుకునేవి. రానురాను సర్దుకోవడం మానేశాయి. విశాఖలో డాక్టరు మందులు మార్చి మార్చి రాశాడు. ముదరకుండా చూడగలం గానీ, వంగిపోయిన వేళ్లను మళ్లీ నిటారుగా చెయ్యలేమని మొహం మీదే చెప్పేశాడు.

ఒకరోజు చిన్నబాబు బస్సు దిగి ఇంటికొస్తుంటే కింద వాటాలో ఉండే అప్పలనర్సమ్మ మెట్ల దగ్గర ఆపింది.

"బాబూ, ఆ పిల్ల పొద్దున్నుంచీ టీ సుక్క కూడా తాగట్లేదు. నేను పెట్టి తెత్తానంటే ఒద్దంటాది. ఏటో కనుక్కో."

పైకెళ్లి అడిగాడు. సుప్రియ కాసేపు మాట దాటేసి, చివరికి చెప్పింది. "పొయ్యి నాబ్ తిరగట్లేదు బావా. వేళ్లకి పట్టు దొరకట్లేదు."

"మరి నాకు సెప్పలేదేటి?"

"సెప్తే ఏటి సేత్తావు? డ్యూటీ మానేత్తావా?"

కరెంటు పొయ్యి కొందామనుకుంటే, పాత వైరింగు తట్టుకోదని ఇంటి యజమాని ఒప్పుకోలేదు. అప్పలనర్సమ్మని రోజూ పిలుద్దామంటే సుప్రియ ఒప్పుకోలేదు. ఒక్క టీ కోసం ఒకరి గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం తనవల్ల కాదంది.

కంపెనీ బస్సులో ఫోన్ చూస్తుండగా చిన్నబాబుకు ఒక వీడియో కనబడింది. ఎవరో నాబుకు తొడిగే పొడుగాటి పిడి ఒకటి కంప్యూటర్లో గీసి, త్రీడీ ప్రింటర్లో ప్లాస్టిక్‌తో అచ్చు తీయించాడు. వేళ్లతో పట్టుకోనక్కర్లేదు, అరచేత్తో తోస్తే చాలు, నాబ్ తిరుగుతుంది. గీయడానికి వాడిన ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చట. ఆ రోజంతా డబ్బాలకు లేబుళ్లు సరిచూస్తున్నా చిన్నబాబు బుర్ర ఆ పిడి మీదే ఉంది. ఇంతేనా అనిపించింది. ఒక గుండ్రం, దానికో చెయ్యి.

పాత లాప్‌టాప్ ఒకటి సంపాదించి కూర్చున్నాడు. గుండ్రం గీయడం నిమిషంలో పని. దాన్ని కదలకుండా నిలబెట్టడమే చేత కాలేదు. మౌస్ తగిలితే చాలు, గీత జారిపోయేది. ప్రతి గీతకూ ఎంత పొడవో, దేనికి ఎంత దూరమో, దేనికి సమాంతరమో చెప్పి కట్టెయ్యాలట. అన్నీ సరిగ్గా కడితే గీతలు పచ్చరంగుకు మారతాయి. అతను కట్టిన చోటే మళ్లీ కట్టేవాడు. అప్పుడు కట్లు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయని ఎర్రటి హెచ్చరిక వచ్చేది. ఏది తీసేయాలో తెలియక అన్నీ తీసేసి మొదటికొచ్చేవాడు. వీడియోలో మనిషి మాట్లాడే ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసేవాడు.

సుప్రియ పక్కన కూర్చుని చూసేది. "ఇది కూడా నాలాగే ఉంది బావా. ఓ పక్క సర్దితే ఇంకో పక్క వంకరెల్తంది," అని నవ్వింది ఒకసారి. అతనికి నవ్వు రాలేదు.

ఇంజనీరింగ్ పిల్లలకు ప్రాజెక్టు మోడళ్లు చేసిపెట్టే త్రినాధరావు షాపులో మొదటి పిడి అచ్చు తీయించాడు. అది నాబు మీదికి ఎక్కనే లేదు. నాబు ఎంత ఉంటే కన్నమూ అంతే పెట్టారు, కాస్త వదులు ఉంచాలి కదా అన్నాడు త్రినాధరావు. ఇంటికొచ్చి కన్నం కొలత ఒక్కటి మార్చాడు. దాని మీద ఆధారపడ్డ తక్కినవన్నీ చెదిరిపోయాయి. పిడి ఊడి గాల్లో తేలింది, గుండ్రంగా తీర్చిన అంచులు మాయమయ్యాయి. తాను కట్టిన పద్ధతే తప్పని తెలుస్తూనే ఉంది, ఒప్పు పద్ధతేదో మాత్రం తెలియలేదు. మళ్లీ మొదటి గీత నుంచీ గీశాడు.

ఈసారి పిడి సరిగ్గా కూర్చుంది. సుప్రియ అరచేతి మొదలుతో నాబును లోపలికి అదిమి, మణికట్టుతో పిడిని పక్కకు తోసింది. లైటర్ అతనే నొక్కుతానన్నా వినకుండా రెండు చేతుల మధ్య పెట్టుకుని తనే నొక్కింది. మంట అంటుకుంది. తిరిగి ఆర్పింది. మళ్లీ వెలిగించింది. ఆ పూట చిన్నబాబు భార్య పెట్టిన టీ తాగాడు. చక్కెర ఎక్కువైనా గ్లాసు ఖాళీ చేశాడు.

కొన్నాళ్లు బాగానే గడిచింది.

కంపెనీలో లోపలికి వెళ్లేటప్పుడు ఫోన్లు లాకర్లో పెట్టేయాలి. అందుకని ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో సాయంత్రం గుమ్మంలోకి వచ్చేదాకా అతనికి తెలియదు. వంటింట్లో మాడు వాసన. సుప్రియ నేల మీద గోడకానుకుని కూర్చుంది. అప్పలనర్సమ్మ గట్టు తుడుస్తోంది.

పాలు కాచుకుని మంట ఆర్పబోతే పిడి ఒట్టిగా తిరిగిందట. పొయ్యి సెగకు ప్లాస్టిక్ మెత్తబడి, లోపలి పట్టు విడిచేసింది. పిడి తిరుగుతోంది గానీ నాబ్ కదలడం లేదు. లాగేద్దామంటే వేళ్లకు పట్టు లేదు. కింద ఉన్న సిలిండర్ దగ్గరకు వంగుదామంటే మోకాళ్లు సహకరించలేదు. వరండాలోకొచ్చి పిలిస్తే అప్పలనర్సమ్మ సంతకెళ్లింది, ఎవరూ పలకలేదు.

"మరేటి సేసేవు?" అన్నాడు చిన్నబాబు.

"గిన్ని మాడిపోద్దని గ్లాసుతో నీళ్లు పోత్తానే ఉన్నాను. మంట మీద పడకుండా సూసుకుని పోసేను. మంటారిపోతే గ్యాసు ఊరికే వచ్చేత్తాది కదా." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "సెయ్యి లేవనప్పుడు ఊరుకున్నాను. ఆవిడొచ్చి సిలిండర్ కట్టేసరికి గిన్ని పోయింది."

"నానింట్లో ఉంటే రాకపోదునా," అంది అప్పలనర్సమ్మ, తప్పు తనదే అయినట్టు.

చిన్నబాబు పొయ్యి దగ్గరకెళ్లి ఆ పిడిని లాగాడు. ఒంగిపోయిన ముక్క చేతిలోకి సులువుగా ఊడొచ్చింది. అతని వేళ్లకది ఒక్క లాగుడు పని.

మర్నాడు ఆ ముక్క త్రినాధరావుకు చూపించాడు. "అయ్యో, ఈ రకం ఎండలో పెట్టినా ఒంగిపోద్దండి. పొయ్యి దగ్గరకని మీరు సెప్పనేలేదు," అన్నాడాయన. నిజమే, చెప్పలేదు. చెప్పాలని తెలిస్తే కదా. వేడి తట్టుకునే రకం వేరే ఉందట, దానికి గోడలు ఇంకాస్త మందం పెంచమన్నాడు.

మందం పెంచితే మళ్లీ అంతా చెదిరింది. ఈసారి పద్ధతిగా నేర్చుకుందామని చిన్నబాబు మొదటి పాఠం నుంచీ చూశాడు. డ్యూటీ ముగిసి వచ్చాక కళ్లు మూతలు పడేవి. ఒక ఆదివారం పనంతా సాఫీగా సాగి, మరుసటి ఆదివారానికి నేర్చుకున్నదంతా మరిచిపోయేవాడు. వానలు వెళ్లి చలి మొదలైంది. ఆ పిడి ఎట్టకేలకు తయారైంది. గట్టిగా ఉంది, సెగకు చెక్కుచెదరలేదు. అతను చేసినవాటిలో అదే మంచిది.

సుప్రియ నాబు మీద అరచెయ్యి పెట్టి అదమబోయింది. నాబ్ లోపలికి దిగలేదు. రెండో చెయ్యి మీద వేసి, ఒళ్లంతా బరువు మోపి తోసింది. చలికి మణికట్లు కూడా వాచిపోయాయి. పిడి తిప్పడానికి పనికొస్తుంది, అదమడానికి ఏ సాయమూ చెయ్యదు. ఆ సంగతి గీసిన ఇన్నాళ్లలో అతనికి తట్టలేదు. గీయడం మొదలెట్టినప్పుడు ఆమె అదమగలిగేది.

"ఇంకోసారి సూడు," అన్నాడు.

చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నొప్పికే అయ్యుంటుంది.

"సాలు బావా."

"అదమడానికి ఏదైనా..."

"సాలన్నాను కదా."

అప్పటి నుంచి చిన్నబాబు బస్సెక్కే ముందే టీ కాచి ఫ్లాస్కులో పోసి, మూత వదులుగా పెట్టి వెళ్తున్నాడు. మధ్యాహ్నం అప్పలనర్సమ్మ పైకొచ్చి అన్నం వేడి చేసి పెడుతుంది. సుప్రియ వద్దనడం మానేసింది. మానేసిందన్న కబురు అప్పలనర్సమ్మ సంతోషంగా చెప్తే, చిన్నబాబు తలూపి మెట్లెక్కాడు.

పండగ వెళ్లిన ఆదివారం అతనికేమీ తోచలేదు. లాప్‌టాప్ తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. వరండాలో సుప్రియ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఎండలో కూర్చుంది. వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"నీళ్ల మగ్గుకి లావుపాటి పిడి ఒకటి గీద్దామనుకుంటన్నాను. సెయ్యి మొత్తం దూరేలాగ."

అది తయారయ్యేసరికి ఆ వేళ్లు ఎటు తిరిగి ఉంటాయో ఇద్దరికీ తెలియదు. ఇప్పుడున్నట్టు మాత్రం ఉండవని ఇద్దరికీ తెలుసు. ఆమె అతని మొహంలోకి చూసి కుడిచెయ్యి అతని ముందుకు చాచింది.

చిన్నబాబు టేపు తెచ్చి ఆమె పిడికిలి చుట్టూ మెల్లగా తిప్పాడు.

"నొప్పెడతందేటి?"

"లేదు. కొలుచుకో," అంది సుప్రియ.