నలభై రెండు అంగుళాల అల్లుడు

ఆ రోజుల్లో మావాళ్ళు మనిషి కంటే టీవీని ఎక్కువ నమ్మేవాళ్ళు. (ఇప్పుడు ఫోన్‌ను నమ్ముతున్నారు. అభివృద్ధి అంటే అదే.) పుదుచ్చేరిలోని మా తెలుగు వ్యాపార కుటుంబాల్లో పెళ్ళిచూపులకు ముందు పిల్లవాడి ఫోటో ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ఫోటోలో ఎవడైనా పెద్దమనిషే కాబట్టి. దగ్గరి బంధువుల పెళ్ళి డీవీడీ అడిగేవాళ్ళు. అందులో వాడు సాంబారు ఎలా వడ్డిస్తాడో, తను ఎంత తింటాడో తెలిసిపోయేది. అలా మా పెద్దమ్మ మా అన్న పెళ్ళి డిస్కును లాస్‌పేటలోని ఒక బట్టల వ్యాపారి ఇంటికి పంపింది. ఉప్పళంలో ఒక స్టూడియోలో పెళ్ళి క్యాసెట్లను డిస్కులుగా మార్చడం నా ఉద్యోగం, కాబట్టి అది నా చేతి పనే. ఆ పెళ్ళిలోనే వాళ్ళమ్మాయిని చూసి రెండుసార్లు సాంబారు ఒలకబోశాను. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలనుకున్నాను.

జవాబు వచ్చింది. "పిల్లోడు మంచోడేగానీ గుండ్రాయి మాదిరి ఉండాడే!"

విషయం నాకు వెంటనే తెలిసింది. ఆయన కొత్తగా నలభై రెండు అంగుళాల వెడల్పు టీవీ కొన్నాడు. పాత క్యాసెట్ బొమ్మ వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు. ఆ టీవీకి పదహారుకు తొమ్మిది. బొమ్మకు రెండు పక్కలా నల్ల పట్టీలు వదలాలి, లేదా మూడో వంతు సాగదీయాలి. పెద్దమ్మ చేత ఫోన్‌లో ఇదంతా చెప్పించాను.

"ఏందమ్మా, నలభై రెండు అంగుళాలకీ కాసిచ్చి పక్కలు నల్లగా వదిలేయాల్నా? మా అంగట్లో గుడ్డకి అటూ ఇటూ చించి పారేస్తామా?"

(ఆ టీవీలో పెళ్ళికూతురూ, పురోహితుడూ కూడా మూడో వంతు లావయ్యారు. అనుమానం మాత్రం నా ఒక్కడి మీదే.)

సరే, ఆయన దారిలోనే వెళ్దామనుకున్నాను. స్టూడియో కెమెరాతో సముద్రం ఒడ్డున నేను నడుస్తుండగా వెడల్పు బొమ్మ తీయించి, దాన్ని పాత చట్రంలోకి పక్కల నుంచి నొక్కి డిస్కు చేశాను. అనమార్ఫిక్ అంటారు. పట్టుచీర మడిచి అట్టపెట్టెలో పెట్టినట్టే. ఆయన టీవీ సాగదీస్తుంది, మడత విప్పుకుంటుంది, నేను నేనుగా కనిపిస్తాను. బట్టల వ్యాపారికి ఇంతకంటే తగిన విద్య ఏముంటుంది!

ఆ మహానుభావుడు డిస్కును తమ్ముళ్ళకు చూపిద్దామని అంగడికి పట్టుకుపోయాడు. అక్కడున్నది పాత డబ్బా టీవీ. దానికి మడత విప్పడం రాదు.

"ఏందమ్మా ఇది? పోయిన నెల గుండ్రాయి, ఈ నెల మునక్కాయ! ఏం జబ్బో దాచొద్దు. యాడ చూపిస్తా ఉండారు?"

ఇక స్వయంగా వాళ్ళింటికి వెళ్ళక తప్పలేదు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, నమ్మకం కుదరక, మెడలోని టేపు తీసి నా నడుము కొలిచాడు. ముప్పై రెండు. టేపు తిప్పి మళ్ళీ కొలిచాడు.

లోపలి గుమ్మం దగ్గర నవ్వు వినిపించింది. "నాయనా, ఆ పెళ్ళి డిస్కులో లడ్లు చూసినావా? వడల మాదిరి ఉండాయి. లడ్డుకి కూడా జబ్బేనా?"

నా లెక్కలన్నీ చేయలేని పని ఆ లడ్డు చేసింది. ఆయన చాలాసేపు టీవీ వంక చూసి, "ఇంత కాసు పోసినానే!" అన్నాడు. అల్లుణ్ణి ఒప్పుకున్నాడుగానీ నల్ల పట్టీలను మాత్రం ఈనాటికీ ఒప్పుకోలేదు.

మొన్న మా పెళ్ళి డిస్కు పెట్టుకుని చూశాం. రెండు నల్ల పట్టీల మధ్య ఎవరో బక్కపలచని కుర్రాడు తలంబ్రాలు పోస్తున్నాడు. ఆ సాయంత్రమే దర్జీ నా కొత్త ప్యాంటుకు కొలత తీసి, నలభై రెండు దాటిందన్నాడు.

"మా నాయన టీవీ తప్పు చెప్పలేదు" అంది మా ఆవిడ. "కొంచెం ముందుగా చెప్పింది, అంతే."

ముప్పై రెండుకు మూడో వంతు కలిపి చూశాను. లెక్క సరిపోయింది.