కొండమ్మ జాకెట్టు

బద్రున్నీసా కుట్టిన జాకెట్టు వేసుకోని ఆడమనిషి చండ్రుగొండలో ఉందంటే, ఆమె నిన్న మొన్న కాపురానికొచ్చిన కోడలై ఉండాలి. ముప్పై ఏళ్లుగా మిషన్ తొక్కుతోంది. టేపు మెడలో వేలాడుతుందే గానీ, ఆమె దాన్ని వాడేది తక్కువ, మనిషిని చూసేది ఎక్కువ. కూతురు సుమయ్యకు అదే నచ్చదు. హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైనింగ్ చదివొచ్చిన పిల్ల, లెక్క తేలందే కత్తెర ముట్టదు.

మిరప తోటల్లో కూలికి పోయే కొండమ్మకు ఆ మధ్య ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. ఆదివారం మనవరాలి ఓణీల ఫంక్షన్. "నేను రానని చెప్పిన బద్రక్కా. అందరి చూపు ఈడనే ఉంటది," అంది, రెండు భుజాల మీదుగా కొంగు కప్పుకుని.

సుమయ్య టేపు అందుకుంది. "నేను కుడతా పెద్దమ్మా" అని పద్నాలుగు కొలతలు తీసింది, కాగితం మీద గీసింది, ఎడమవైపు లోపల స్పాంజి పెట్టి కుట్టింది. తొడిగి అద్దం ముందు నిలబెడితే వంక పెట్టడానికి లేదు.

బద్రున్నీసా ఒకసారి పైనుంచి కిందికి చూసింది. గ్లాసుతో నీళ్లు తెచ్చి పై అరలో పెట్టింది.

"నీళ్లు తాగు కొండమ్మా. ఎడమ చేత్తోనే అందుకో."

చెయ్యి గడ్డం దాకా లేచి ఆగిపోయింది. చంక కింద బట్ట పట్టేసింది, స్పాంజి మెడ దగ్గరికి ఎగబాకింది. కొండమ్మ గబుక్కున కొంగు లాక్కుంది. సుమయ్యకు తల కొట్టేసినట్టయింది. పద్నాలుగు కొలతల్లో ఒక్కటీ చెయ్యెత్తించి తీసింది కాదు.

"మనిషి గట్లనే నిలబడి ఉంటదా బేటా? అక్షింతలు ఎయ్యాలె, పిల్లను దగ్గరికి తీసుకోవాలె," అంది తల్లి. గొంతులో కసురు లేదు.

బద్రున్నీసా కుట్లు విప్పి చంక కింద చిన్న ముక్క అతికించింది. స్పాంజి తీసేసి, దూదిలో గుప్పెడు సజ్జలు కలిపి సంచీ కుట్టి లోపల పెట్టింది. బరువుంటే పైకి జరగదు.

"ఇదెక్కడ నేర్చుకున్నవ్ అమ్మీ?"

"మా అక్కకు గిదే రోగం. లోపల తువ్వాల కుక్కుకుని తిరిగేది. అది జారకుండ చెయ్యనీకి నాకు నాలుగు నెలలు పట్టింది. చేసినంక ఎక్కువ రోజులు ఏసుకోలే."

సుమయ్య తల్లి చెయ్యి పట్టుకుంది.

కొండమ్మ తొడుక్కుని మళ్లీ చెయ్యెత్తింది. కోత నొప్పికి గ్లాసు ఈసారీ అందలేదు. కానీ జాకెట్టు కదల్లేదు. బద్రున్నీసానే గ్లాసు దించి ఇచ్చింది. "మెడ కట్ మాత్రం మా పిల్లదే. నాకట్ల రాదు."

"ఆదివారం జల్దీ పోవాలక్కా," అంటూ కొండమ్మ బజారులోకి దిగింది. కొంగు ఎడమ భుజం మీద మాత్రమే ఉంది.