చిన్నాయన తెచ్చిన తల్వారు

ఎనభైల్లో మా చిన్నాయన హైదరాబాద్ నుంచి ఒక తల్వారు తెచ్చి, నారాయణఖేడ్‌లోని మా ఇంటి గోడకు తగిలించాడు. పాతకాలపు దానిలా కనిపించేటట్టు కొత్తగా చేసిన తల్వారు అది. ఇత్తడి పిడి, అద్దంలాంటి మెరుపు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. దాని గురించి ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆరాటం మా నాయనమ్మదే.

"గిది కోస్తదా, ఉత్తగ మెరుస్తదా?" అని రోజూ అడిగేది.

ఒక పొద్దున ముగ్గురం చేనుకు వెళ్లాం. మమ్మల్ని దూరంగా నిలబెట్టి చిన్నాయన ఒక జొన్న కర్ర మీద వేటు వేశాడు. కర్ర వంగింది కానీ తెగలేదు. మళ్లీ బలంగా విసిరేసరికి పిడి చేతిలోనే మిగిలింది, తల్వారు ఎగిరి కంది సాళ్లలో పడింది.

నేను పరుగున వెళ్లి తెచ్చాను. మా కొడవలి ఇనుము కట్టె పిడిలోకి చివరిదాకా దిగి ఉంటుంది. దీని మొదట్లో మాత్రం సన్నని చీల ఒకటి అతికించి ఉంది. ఆ అతుకే విరిగింది.

"మీదవడితే ఏమైతుండె! ఇగ గోడకే ఉండనియ్యి," అంది నాయనమ్మ.

చిన్నాయన వినలేదు. కమ్మరితో గట్టి చీల వేయించి, పదును పెట్టించి తెచ్చాడు. ఈసారి పిడి ఊడలేదు, కొన్ని కర్రలు తెగాయి కూడా. అంతలోనే అంచు మడతపడింది. ఇనుమే మెత్తది.

నాయనమ్మ ఆ మడతను వేలితో తడిమి చూసింది.

"బీదర్ కోటల అసలు తల్వార్లు ఉంటయంట గదరా. పోయి చూసొద్దామా?"

ఆ ఆదివారమే ముగ్గురం బీదర్ బస్సెక్కాం.