సొరుగులో మూడే ఎస్‌లు

జనవరి చివరి బుధవారం పొద్దున పదకొండు దాటిన పది నిమిషాలకు విల్ఫ్ గార్సైడ్ టీ కప్పు సగంలో పక్కన పెట్టి, అచ్చు అక్షరాలు కూర్చే కంపోజింగ్ గదిలో అన్నిటికన్నా కింద ఉన్న సొరుగు లాగాడు. ఆ సొరుగు లాగాడంటే ఎక్కువసార్లు ఓడ మునిగిందనే అర్థం. అందరూ తలలెత్తి చూశారు.

అందులో ఉండేవి జానెడు ఎత్తు కొయ్య అక్షరాలు. మా పత్రిక పెట్టిన కొత్తలో లండన్ నుంచి తెప్పించినవి. నిలువు గీత రెండు వేళ్ల మందం, అడ్డ గీత చేప ముల్లంత సన్నం, అడుగున బరువైన పాదాలు. రేవు వీధిలో వాన పడుతున్నా, ఎదుటి పేవ్‌మెంటు మీద నుంచి కళ్లద్దాలు లేని ముసలమ్మ కూడా చదవగలదు. రాజు పోతేనో, యుద్ధం వస్తేనో, ఓడ మునిగితేనో తప్ప వాటిని బయటికి తీసేవారు కాదు. మా వాళ్లు వాటిని ‘పెద్ద నల్లవి’ అనేవారు. అరిగినవాటినీ పగిలినవాటినీ విల్ఫ్ పియర్ పండ్ల చెట్టు కర్రతో మళ్లీ చెక్కి పెట్టేవాడు. ఏది పాతదో ఏది అతను చెక్కిందో నేనెప్పుడూ గుర్తుపట్టలేకపోయాను.

అప్పుడు నేను సబ్‌ఎడిటర్ని. వీధి మూలల్లో దుకాణాల ముందు పెట్టే పోస్టరు మాటలు రాసిచ్చే పని నాది. ఐస్‌లాండ్‌కు ఉత్తరాన సెస్సే అనే ట్రాలర్, అంటే చేపలు పట్టే ఓడ, స్తంభాల మీద మంచు పేరుకుని తిరగబడింది. అందులో ఉన్న ఇరవై మందీ పోయారు. కాగితం మీద రెండే మాటలు రాసిచ్చాను: ‘సెస్సే లాస్ట్’. ఓడ పేరులో ఎస్‌లు మూడు, రెండో మాటలో ఒకటి. సొరుగులో ఉన్నవి మూడే. నాలుగోది అక్టోబరులో నిలువునా చీలింది.

“చెక్కాలి. గంట పడుతుంది,” అన్నాడు విల్ఫ్.

గంట ఎందుకో నాకు తెలుసు. ఓడ పోతే ఓడ కంపెనీ మనిషి ఎర్నీ స్టాథర్ సైకిలు మీద పోయినవాళ్ల ఇంటింటికీ వెళ్లి చెప్పాలి. ఎర్నీ సైకిలు కన్నా పోస్టర్లు తీసుకెళ్లే మా వ్యాన్లు ముందు వెళ్లేవి. రెండేళ్ల కిందట విల్ఫ్ చెల్లెలు ఐవీ లివరు కొనడానికి మాంసం కొట్టు ముందు వరసలో నిలబడి, మొగుడి ఓడ పేరు పోస్టరులో చదువుకుంది. ఆ పోస్టరు కూర్చింది విల్ఫే. అప్పటి నుంచి ఆమె అన్న గడప తొక్కలేదు.

నేను కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎర్నీ పదకొండుకు బయల్దేరాడట. దారిలో పబ్బుల దగ్గరా పోస్టాఫీసు దగ్గరా ఆగి ఎన్ని ఇళ్లయ్యాయో ఆఫీసుకు ఫోన్ చేస్తున్నాడట.

విల్ఫ్ కర్ర దిమ్మ మీద ఎస్‌ను అద్దంలో కనిపించేలా తిరగేసి గీశాడు. చెక్కడానికి అన్నిటికన్నా కష్టమైన అక్షరం అదే. పై వంపు కింది వంపు కన్నా చిన్నగా ఉండాలి, మధ్యలో ఏటవాలు గీత లావుగా బిగువుగా రావాలి. కొంచెం తప్పినా అక్షరం వెనక్కి పడిపోతున్నట్టుంటుంది. పాత ఎస్‌ను పక్కన పెట్టి పోల్చుకుని, గీసింది చెరిపి, మళ్లీ గీశాడు.

“ఎన్నయ్యాయి?” అని అడిగాడు నన్ను.

“ఆరు ఇళ్లు.”

తల ఊపి, పదును పెట్టిన ఉలికే మళ్లీ పదును పెట్టాడు.

న్యూస్ ఎడిటర్ హెబ్డెన్ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. పక్క ఊరి పత్రిక వ్యాన్లు ఒంటిగంటకల్లా మా వీధుల్లో ఉంటాయని అతని భయం. వేరే టైపులోంచి ఒక ఎస్ తెచ్చి పెట్టమన్నాడు. చావు కబురులో పొట్టి అక్షరం పెట్టి వేళాకోళం చేయమంటారా అని విల్ఫ్ అడిగితే, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. అప్పటికి పదమూడు ఇళ్లు.

పన్నెండున్నరకు మూడోసారి వచ్చాడు. ఈసారి చేతిలో కాగితం ఉంది.

“పేరు తీసేయవయ్యా విల్ఫ్. ‘ట్రాలర్ లాస్ట్’ చాలు. ఒక్క ఎస్సే.”

విల్ఫ్ ఉలి కింద పెట్టాడు. ఆ వారం మా రేవు నుంచి పద్నాలుగు ఓడలు సముద్రం మీద ఉన్నాయి. పేరు లేని పోస్టరు బయటికి వెళ్తే దాదాపు మూడు వందల ఇళ్ల ఆడవాళ్లు పొయ్యి మీది గిన్నెలు అలాగే వదిలేసి రేవుకు పరుగెత్తాలి.

“ఎవరి ఓడో తెలీకుండా ఎలా సార్? అందరి ప్రాణాలూ తీస్తారా?”

“పేరుతో ఇస్తానంటే ఇవ్వు. ఎప్పుడిస్తావు?”

విల్ఫ్ నా వైపు చూశాడు. పదిహేడు అన్నాను. ఎర్నీ సైకిలు చక్రంలో గాలి పోయిందని, మిగిలిన మూడు ఇళ్లు కాలువకు అవతలున్నాయని కూడా చెప్పాను.

అతను దిమ్మ మీదికి వంగాడు. ఇప్పుడిక చెరపడాలు లేవు, పదును పెట్టడాలు లేవు. లోపలి కర్రను పెద్ద పెద్ద పెచ్చులుగా లేపేశాడు, వంపుల అంచులు రెండు చుట్లలో నున్న చేశాడు, గరుకు కాగితంతో ముఖం ఒకసారి రుద్దాడు. గోడ గడియారంలో ఐదు నిమిషాలే గడిచాయి. మిగతా మూడింటి పక్కన దాన్ని బిగించి, సిరా రుద్ది, మొదటి కాగితం లాగాడు. నాలుగు ఎస్‌లూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి.

హెబ్డెన్ కాగితం వైపు, తరవాత గడియారం వైపు చూశాడు.

“గంట పనన్నావు, ఐదు నిమిషాల్లో అయిందే?”

“కర్ర మెత్తగా ఉంది సార్.”

హెబ్డెన్ ఆ కాగితం తీసుకుని వెళ్లాడు. ఒంటిగంటకు పది నిమిషాల ముందే వ్యాన్లు కదిలాయి. కాలువ మీద వంతెనను మా వ్యాను దాటినప్పుడు ఎర్నీ సైకిలు నడిపించుకుంటూ ఇంకా ఇవతలే ఉన్నాడు.

శనివారం విల్ఫ్ కాలువ అవతలి ఆ మూడు ఇళ్ల చిరునామాలు ఇమ్మన్నాడు. ఏం చెప్తావని అడిగాను. పోస్టరు నేనే కూర్చానని చెప్తానన్నాడు. ఆదివారం చర్చి వదిలాక ఒక్కడే వెళ్లాడు. రెండు ఇళ్ల వాళ్లు తలుపు తీశారు.